కంచె గల చెర, కంచె లేని చెర

వాషింగ్టను నగరము చుట్టుపట్ల కాపురముండు తెలుగు కుటుంబములు పిట్స్‌బర్గు వేంకటేశ్వరుని దర్శనమునకు కారులో బయలుదేరినప్పుడు, ఒక్కొక్కమారు అలవాటైన బ్రీజ్‌వుడ్ దారి విడిచి, మేరీలాండు రాష్ట్రపు పడమటి కొసమీదుగా పోవు 68వ నంబరు రహదారిని పట్టుదురు. అపలేచియను కొండల వరుసలను ఒకదానివెంట నొకటిగా నెక్కి దిగుచు ఆ దారి కడపట నొక లోయలోనికి జారి, చర్చి శిఖరములు గుంపుగా నిలిచిన యొక పాత పట్టణపు నడినెత్తిన వంతెన మీదుగా సాగిపోవును. ఆ పట్టణము పేరు కంబర్లాండు. వెనుక సీటులోని పిల్లలకు పులిహోర పొట్లము విప్పి యిచ్చునంతలోనే వంతెన దాటిపోవుదుము గావున, పట్టణమునకు దక్షిణమున పోటోమాక్ నది ఉత్తరశాఖ చేరువ పచ్చిక బయళ్లలో రెండు చెరసాలలు పక్కపక్కన నున్నవను సంగతి ఆ దారిన పోవువారిలో బహుకొద్దిమందికే తెలియును.

అందొకటి మధ్యమ భద్రతాశ్రేణికి చెందిన ఫెడరల్ కారాగారము. రెండవది దాని నానుకొనియున్న కనిష్ఠ భద్రతా శిబిరము. రెంటికిని వార్డెను ఒక్కడే, శాఖ యొక్కటే, శాసన మొక్కటే. 1994లో తెరువబడిన ఆ కారాగారము లోపల రమారమి వేయిమంది పురుషులు గదికిద్దరు చొప్పున బంధింపబడియుందురు; చుట్టును జంట కంచెలు, వానిపై చుట్టలు చుట్టలుగా బ్లేడుల తీగ, మనుష్యుని తాకిడిని పసిగట్టు యంత్రములు, కంచె వెలుపల రేయింబవళ్లు తిరుగు గస్తీబండి. శిబిరమందలి కొన్ని వందలమందికి ఇవి యేమియు లేవు. పొడవైన వసతిగృహములలో వరుసమంచములు, బయట పచ్చిక, పచ్చికకు ఆవల దారి. లేచి నడచిపోయిన ఆపుటకు గోడయనునది లేదు. ఈ రెండింటి నడుమనున్న నేల కొద్దిపాటిది. ఆ నేలను ఇటునుండి అటు దాటుటకు ఒకనికి పదేండ్లు పట్టును. అటునుండి ఇటు ఈడ్చుకొనిపోబడుటకు వేఱొకనికి ఒక్క పూట చాలును. నేను చెప్పదలచినదంతయు ఆ కొద్దిపాటి నేలను గూర్చియే.

ముందుగా ఆ యూరిని గూర్చి కొంత చెప్పవలెను. ఏలయన చెరసాలలు ఆకాశమునుండి యూడిపడవు. అమెరికా ప్రభుత్వము తన సొమ్ముతో వేయించిన తొలి పెద్దబాట, నేషనల్ రోడ్డు, 1811లో కంబర్లాండునందే మొదలైనది. వాషింగ్టను నుండి 184 మైళ్లకు పైగా త్రవ్వుకొనివచ్చిన పడవల కాలువ 1850లో ఇచ్చటికి చేరి ఇచ్చటనే ఆగిపోయినది. ఆ పిదప రైళ్లు, బొగ్గు, గాజు, టైర్లు, కృత్రిమపట్టు. 1924లో వెలసిన సెలనీస్ నూలు కర్మాగారము తరతరములకు అన్నము పెట్టినది. 1940 నాటి జనాభా లెక్కలలో ఆ పట్టణమున 39 వేలమందికి పైగా నివసించిరి. సెలనీస్ 1983లో మూతపడినది. కెల్లీ-స్ప్రింగ్‌ఫీల్డు టైర్ల కర్మాగారము 1987లో మూతపడినది. 2020 నాటికి జనాభా 19 వేలకు దిగినది. సెలనీస్ యంత్రములు మ్రోగిన స్థలముననే మేరీలాండు రాష్ట్రము తన సొంత కారాగారమును 1996లో తెరచినది. నూలు వడికిన వాని కొడుకు తాళపుచెవుల గుత్తి నడుమునకు కట్టుకొనెను. నెలజీతము, ఆరోగ్యబీమా, పింఛను గల కొలువు ఆ లోయలో మఱియొకటి లేనప్పుడు అతనిని తప్పుపట్టువాడెవడు? కంచెలోపల ఉన్నవానివలెనే కంచెను కాయువాడును ఒక యార్థిక విపత్తు పిమ్మట అచ్చటికి చేరినవాడే యను మాటను జైళ్లను గూర్చి వ్రాయువారు తఱచుగా మఱచుచుందురు.

ఫెడరల్ ప్రభుత్వమునకు సొంత చెరసాలలు ఉండవలెనని శాసనమైనది 1891లో. వాని నన్నింటిని ఒక్క శాఖక్రిందికి తెచ్చు చట్టముపై అధ్యక్షుడు హూవరు సంతకము చేసినది 1930 మే 14న. అప్పటికి ఆ కారాగారములు 11. ఇప్పుడు నూటయిరువదికి పైబడినవి. కంచె లేని శిబిరముల పుట్టుకయు ఇంచుమించు ఆ కాలముననే జరిగినది. కొండలలో బాటలు వేయుటకు కూలీలు కావలసివచ్చిరి, పెద్దజైళ్లు క్రిక్కిరిసిపోయినవి, ఈ రెండవసరములు కలిసి శిబిరమును కన్నవి. అరిజోనా రాష్ట్రమున టూసాను నగరపు తలమీదనున్న కొండకు 1933లో మొదలుపెట్టి ఖైదీలచేత బాట వేయించిరి. ఆ కొండచరియలోని శిబిరమునకు కంచె లేదు. తెల్లరంగు పూసిన రాళ్లు కొన్ని హద్దుగా పేర్చియుండెడివి. మనవారు వినినంతనే లక్ష్మణరేఖ యనియెదరు. కాని లక్ష్మణుడు గీసిన గీత లోపలివారిని బయటివారినుండి కాచుటకు; ఈ తెల్లరాళ్లు బయటివారిని లోపలివారినుండి కాచుటకు.

ఆ శిబిరమున శిక్ష ననుభవించినవారిలో గోర్డన్ హీరబయాషీ యొకడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పసిఫిక్ తీరమందలి జపాను సంతతివారికి మాత్రమే కర్ఫ్యూ విధించి, పిమ్మట వారిని ఇండ్లనుండి వెడలగొట్టినప్పుడు, ఈ విద్యార్థి నేను ఈ దేశమున పుట్టిన పౌరుడను, జన్మను చూచి విధించిన యాజ్ఞను పాటింపనని నిలిచెను. 1943లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయపఱచినది. శిబిరమునకు పంపుటకు దారిఖర్చులు ప్రభుత్వమీయలేదు. అతడు స్పొకేను నుండి వేయిమైళ్లకు పైబడిన దూరము, దారిన పోవు బండ్లను చేయి చాచి ఆపి యెక్కుచు దిగుచు, తన చెరసాలకు తానై వెదకికొనుచు పోయెను. టూసానులో మార్షలు కాగితములు కనబడలేదనియు, ఏదైన సినిమా చూచి మరల రమ్మనియు చెప్పెనట. అతడు పోయి, తిరిగివచ్చి, లొంగిపోయెను. నలువది నాలుగేండ్ల పిమ్మట 1987 నాటికి, కర్ఫ్యూను, వెడలింపు ఆజ్ఞను మీఱినందుకు అతనికి పడిన శిక్షలు రెండును కొట్టివేయబడినవి. అతడు మరణించిన సంవత్సరము, 2012లో, దేశపు అత్యున్నత పౌరపురస్కారము అతని పేర ఈయబడినది. ఆ శిబిరపు స్థలమునకు నేడు అతని పేరే పెట్టబడియున్నది. కంచె లేని చెర యనునది ఏ పదార్థముతో కట్టబడునో ఈ యొక్క కథవలన తెలియుచున్నది. ఖైదీ మాటయే దాని గోడ.

అయినను శిబిరము దయవలన నిలిచినదని నేను చెప్పజాలను. పెద్దజైలునకు అంటుకొనియుండు శిబిరమునకు ఒక ప్రత్యేకమైన పని గలదు. లోపలివారు బయటికి రారాదు. బయటనేమో గడ్డి కోయవలెను, గిడ్డంగికి వచ్చిన సరకు దింపవలెను, బాయిలరు చూచుకొనవలెను, బండ్లు బాగుచేయవలెను, మంచు కురిసిన దారులు ఊడ్వవలెను. ఈ చాకిరి యంతయు శిబిరవాసులది. వారికి గంటకు ముట్టునది 12 సెంట్లు మొదలు 40 సెంట్ల వఱకు, అనగా మన లెక్కలో పది రూపాయలు మొదలు ముప్పదిచిల్లర. కంచె లేని చెర లేనిచో కంచె గల చెర ఒక్క వారము సరిగా నడువదు. పత్రికలవారు ఈ శిబిరములకు క్లబ్ ఫెడ్ అని వెటకారపు పేరు పెట్టి, అచ్చట టెన్నిసు ఆడుకొనుచుందురని వ్రాసి పాఠకులకు కోపము తెప్పించుట పాతపరిపాటి. లాయరుకు కోటిరూపాయల ఫీజు పోసినవాడు జనవరి తెల్లవాఱుజామున వేళ్లు కొంకరలు పోవుచుండగా మంచు త్రవ్వుచున్న చిత్రమును వారు వేయలేదు.

ఇక ఆ జీవితమును దగ్గఱగా చూతము. ఫెడరల్ చెరయందు దినమును కొలుచునది గడియారము కాదు, లెక్క. ఇరువదినాలుగు గంటలలో తక్కువపక్షము అయిదు మారులు మనుష్యులను లెక్కింతురు: నడురేయి, మూడు గంటలకు, అయిదు గంటలకు, సాయంకాలము నాలుగు గంటలకు, రాత్రి పదికి, సెలవుదినములలో పగటి పదికి మఱియొక పర్యాయము. రాత్రివేళ కాపరి టార్చిలైటు పట్టుకొని మంచము మంచమునకు వచ్చి, దుప్పటిక్రింద నున్నది తలగడయో మనిషియో తెలియుటకై చర్మము కనబడువఱకు చూచును. సాయంకాలపు నాలుగు గంటల లెక్కకు మాత్రము ప్రతివాడును లేచి నిలువవలెను. మాట యుండరాదు. ఇద్దఱు కాపరులు ఒకరివెనుక నొకరు లెక్కించుకొనుచు పోయి, తమ యంకెలను సరిచూచుకొని, ఫోనులో పై గదికి తెలుపుదురు. ఒక్క తల తగ్గినను మొదటినుండి మరల లెక్కింతురు. అంతవఱకు వంటయింట కూర చల్లారవలసినదే, ఉత్తరములు పంచుట యాగవలసినదే. కంచె లోపల ఖాకీ దుస్తులవారును, సాధారణముగా ఆకుపచ్చ దుస్తులలో నుండు శిబిరవాసులును, ఆ కొలది నిమిషములు ఒక్కమారే నిలుచుందురు. ఆ రెండు చెరల నడుమ భేదము పూర్తిగా అణగిపోవు ఘడియ దినమున కదియొక్కటే.

తక్కిన వేళలందు భేదమెంతో కలదు. మధ్యమశ్రేణి కారాగారమున ఒకచోటినుండి మఱియొకచోటికి పోవుటకు గంటకొక పది నిమిషములు తలుపులు తెరతురు. ఆ పదినిమిషములలో గ్రంథాలయమునకు చేరనివాడు మరుసటి గంట వఱకు ఉన్నచోటనే యుండవలెను. ఎక్కడనో ఇద్దఱు కొట్టుకొనినయెడల వేయిమందికిని గదులకు తాళములు పడును. ఆ తాళము ఒక పూటయో, ఒక వారమో, ఎవ్వరును చెప్పరు. శిబిరమున తాళములు తక్కువ, భయము వేఱు. అచ్చట నొక సెల్‌ఫోను దొరికినను, ఒక కాపరితో పెడసరముగ మాటాడినను, ఖైదీలు షాట్ అని పిలుచు అభియోగపత్రము వచ్చును. చేతులకు బేడీలు వేసి ఆ కొద్దిపాటి నేలమీదుగా నడిపించుకొనిపోయి, పెద్దజైలులోని ఏకాంతపు గదులలో, వారి నోట షూ అనబడు చోట, వేయుదురు. శిబిరమునకు అదియే కంచె. అది వారి చుట్టును లేదు, కన్నులయెదుట నున్నది. నడచి వెళ్లిపోయినవానికి చట్టమిచ్చు అదనపు శిక్ష అయిదేండ్ల వఱకు ఉండవచ్చును. ఇంకను ఎనిమిది నెలలు మిగిలియున్నవాడు తెల్లరాయి దాటకుండుటకు ఆ లెక్క యొక్కటే చాలును.

ఒక చిన్న వస్తువును చూపెదను. ఫెడరల్ జైళ్లలో 2004లో పొగాకు నిషేధించిరి. అంతవఱకు సిగరెట్టు అక్కడి నాణెము. నాణెము లేని సంఘము ఒక్క నెల నిలువదు గనుక, కొలదికాలములోనే జైలు అంగడియందు దొరకు మాకెరెల్ అను సముద్రపు చేప, నూనెలో ఊరవేసి సంచిలో మూసియమ్మునది, ఆ సింహాసన మెక్కినది. దాని వెల అప్పట్లో డాలరుకు దగ్గఱ, తినువారు తక్కువ, చెడిపోదు, అరచేత పట్టును. తల క్షవరమునకు రెండు సంచులు, కోర్టు కాగితము వ్రాసిపెట్టినవానికి పది సంచులు, చొక్కా యిస్త్రీకి ఒకటి, ఈ రీతిగా బేరములు. తినుటకు పనికిరాని పాతసంచులకు వేఱొక మారకపు రేటు. అర్థశాస్త్ర విద్యార్థికి ఒక సంవత్సరపు పాఠము ఆ చేపసంచిలో నున్నది. నాకు మాత్రము అందు మఱియొకటి తోచును: ఉన్నదంతయు తీసివేసినను మనుష్యుడు మనుష్యునితో ఇచ్చిపుచ్చుకొను వ్యవహారమును ఏ శాఖయు తీసివేయజాలదు.

కంబర్లాండు శిబిరమున కాలము గడిపినవారిలో పేరుపొందిన ఇద్దఱి కథలు ఈ సందర్భమున స్మరింపదగియున్నవి. వెబ్‌స్టర్ హబ్బెల్ అర్కాన్సా రాజధానికి మేయరుగను, కొన్నినాళ్లు ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తిగను పనిచేసి, క్లింటను పాలనలో దేశపు న్యాయశాఖలో మూడవ స్థానమున కూర్చున్నవాడు. ఫెడరల్ జైళ్లు ఆ న్యాయశాఖక్రిందనే యున్నవి. ఆ పదవికి పూర్వము వకీలుగ నున్న దినములలో తన సంస్థకును కక్షిదారులకును తప్పుడు బిల్లులు వేసినట్లొప్పుకొని 21 నెలల శిక్షపడి, 1995లో కంబర్లాండు శిబిరమునకు వచ్చి చేరెను. ఏడాదిన్నర క్రిందట తన శాఖ నడిపిన చెరయందే ఇప్పుడు లెక్కకు నిలిచెను.

రెండవవాడు బెర్నార్డ్ కెరిక్. న్యూయార్కు నగర జైళ్లకు అధిపతిగ నుండి, పిమ్మట ఆ నగర పోలీసు కమిషనరై, 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరకాలమున మేయరు ప్రక్కన నిలిచి లోకమంతయు చూచిన మనిషి. ఆ సంవత్సరాంతమున మన్‌హట్టనులోని నగరకారాగారమునకే అతని పేరు పెట్టిరి. 2006లో ఆ పేరు తీసివేసిరి. పన్నుల మోసము, అసత్యపు వాఙ్మూలములు మున్నగు ఎనిమిది నేరము లొప్పుకొన్నందున 2010లో నాలుగేండ్ల శిక్షపడి, ఆ మేనెలలో కంబర్లాండునకు తానై వచ్చి లొంగిపోయెను. వేలమందిని బంధించిన చేతులు అవి. విడుదలయైన పిదప అతడు పలుచోట్ల చెప్పిన మాటలు నన్ను ఆలోచింపజేసినవి: మితిమీఱి చేపలు పట్టిన జాలరులును, తిమింగలపు దంతమును ఇంటర్నెట్టులో అమ్మినవాడును తనతోబాటు ఖైదీలుగ నుండిరనియు, శిక్షాస్మృతి యింత వెడల్పుగ వల విసరునని తాను అధికారమున నున్నప్పుడు ఎఱుగననియు. జైళ్లను సంస్కరింపవలెనని చట్టసభలయెదుట వాదించుచు, 2020లో అధ్యక్షుని క్షమాభిక్ష పొంది, 2025 మేనెలలో మరణించెను. లోపల మూడేండ్లు గడపినగాని ఆ జ్ఞానము కలుగలేదే యని అతనిని నిందింపవచ్చును. కాని ఎన్నడును లోపలికి పోని అధికారులకు అది కలుగుట యెట్లు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఈ ఇద్దఱును కంచె లేనిచోటనే యేల ఉండిరి? లోపలి వేయిమంది లోపలనే యేల? వారి పలుకుబడి యని లోకులందురు. పలుకుబడి కన్న శాంతముగను, దానికన్న గట్టిగను పనిచేయునది వేఱొకటి గలదు. అది ఒక పట్టిక. ఫెడరల్ జైళ్లశాఖ 2006లో వెలువరించిన నిబంధనావళిలో ప్రతి ఖైదీకిని పాయింట్లు వేయు విధానము ఆ పట్టికయందు వ్రాయబడియున్నది. పురుషులకు మొత్తము 11 వఱకు వచ్చిన కనిష్ఠము, 12 మొదలు 15 వఱకు అల్పము, 16 మొదలు 23 వఱకు మధ్యమము, 24 మొదలు ఆపై వచ్చిన ఉన్నతభద్రత. నేరపు తీవ్రతకు, పూర్వపు శిక్షలకు, హింసాచరిత్రకు, పాఱిపోయిన చరిత్రకు పాయింట్లు వేయుట న్యాయమే. కాని మఱి కొన్ని పంక్తులను జాగ్రత్తగ చదువవలెను. వయస్సు 55 నిండినవానికి సున్న. 36 మొదలు 54 వఱకు 2. 25 మొదలు 35 వఱకు 4. 24 గాని అంతకు తక్కువ గాని యున్నవానికి 8. హైస్కూలు పూర్తిచేసినవానికి సున్న. చేయక, చదువునందు చేరక యున్నవానికి 2. న్యాయాధిపతి చెప్పిన దినమున తన కారులో తాను వచ్చి లొంగిపోయినవానికి 3 తగ్గింపు.

ఇద్దఱిని ఆ పట్టికముందు నిలుపుదము. ఒకడు యేబదియెనిమిదేండ్ల పెద్దమనిషి, లక్షల డాలర్లు అపహరించినవాడు, నేరము మధ్యస్థపు తీవ్రతగలదని 3 పాయింట్లు, తానై లొంగిపోయెను గనుక 3 తగ్గింపు, మొత్తము సున్న. రెండవవాడు ఇరువదిమూడేండ్ల కుఱ్ఱవాడు, మాదకద్రవ్యము లమ్మినవాడు. ఫెడరల్ ఖైదీలలో సగమునకు కొంచెము తక్కువమంది ఈ తరహా నేరములవారే. తీవ్రత హెచ్చని 5, వయస్సునకు 8, బడి మానినందుకు 2, తానును ఆ మందు వాడినందుకు 1. జామీను దొరకలేదు గావున లొంగిపోవు భాగ్యము లేదు. మొత్తము 16. పూర్వము జైలుశిక్ష లేదు, ఎవరిని కొట్టలేదు, ఎప్పుడును పాఱిపోలేదు. అయినను సరిగ్గా 16, మధ్యమశ్రేణి గడప. అందు సగము అతని పుట్టినతేదీకి వేసినవి.

ఈ పట్టికను కూర్చినవారు మూఢులు కారు. పడుచువారు లోపల ఎక్కువగా కొట్టుకొందురను అనుభవము వారికి గలదు. వయస్సుతో రక్తము చల్లబడునను మాట మన పెద్దలును చెప్పుదురు. ఆ అనుభవమును నేను కాదనను. కాని ఒక్క విషయమును వారు గమనింపవలెను. కొట్లాటలు జరుగు చోటనే కుఱ్ఱవానిని పెట్టి, అతడు కొట్లాటలో దిగినప్పుడు చూచితిరా మా లెక్క సరియైనదని చెప్పుట, ఈతరాని పిల్లవానిని సుడిగుండమున దింపి, మునిగినాడు గనుక వానికి నీరు పడదనుట వంటిది.

తెలుగువారికి ఈ పట్టికతో సూటియైన సంబంధ మొకటి గలదు. దానిని దాచిపెట్టుట మేలు కాదు. పాయింట్లు ఎంత తక్కువగ నున్నను, అమెరికా పౌరుడు కానివానికి, దేశమునుండి పంపివేయదగిన విదేశీయుడని ముద్రపడినవానికి, సామాన్యముగా కనిష్ఠ శిబిరమున చోటులేదు. అల్పశ్రేణి యైనను కంచె లోపలనే యుండవలెను. విద్యార్థి వీసాపైనను, ఉద్యోగపు వీసాపైనను పోయిన మన పిల్లవాడు వీసాపత్రములలో తప్పుడు సంతకమునకో, బిల్లుల మోసమునకో చిక్కినప్పుడు, అదే నేరము చేసిన అమెరికనుడు పచ్చికమీద నడచుచుండగా ఇతడు తీగచుట్టల వెనుక నుండును. శిక్ష ముగిసిన దినమున ఇంటికి కాక ఇమ్మిగ్రేషనువారి చేతికి పోవును. 2018 డిసెంబరులో చేసిన ఫస్ట్ స్టెప్ చట్టము, చదువులలోను పనులలోను పాల్గొన్నవారికి శిక్షాకాలమును తగ్గించుకొను వెసులుబాటు కల్పించినది. కాని వెడలగొట్టుటకు తుది ఉత్తరువు వెలువడినవానికి ఆ తగ్గింపు వర్తింపదు. 2019 జనవరిలో డెట్రాయిటు చేరువ ప్రభుత్వమే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయపు వలలో పడి నిర్బంధింపబడిన విద్యార్థులలో తెలుగుపిల్లలు పెక్కుమంది యుండిరి. విద్యార్థులను చేర్పించిన ఎనమండ్రు నిందితులుగ ఫెడరల్ న్యాయస్థానము నెక్కిరి. ఆ వారము మన యిండ్లలో ఫోనులు ఎట్లు మ్రోగినవో మఱవరానిది. నేరమొప్పుకొనినచో దేశమునుండి వెడలగొట్టు ప్రమాదమున్నదని విదేశీయుడైన కక్షిదారునకు చెప్పుట వకీలు విధియని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పిల్లలను విమానమెక్కించు తల్లిదండ్రులు ఆవకాయ జాడీతోబాటు ఈ యొక్క తీర్పును గూడ వారిచెవిని వేసి పంపవలెను.

కంచె లేని చెర మనకు క్రొత్త కాదు. అనంతపురము చేరువ ఆరుబయలు జైలును, హైదరాబాదు చేరువ చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయక్షేత్రమును మనవారు ఎఱుగుదురు. హత్యకు యావజ్జీవము పడినవాడు, లోపల కొన్నేండ్లు మంచిగ నడచుకొని, అచ్చట నాగలి పట్టి వేరుసెనగ సాగుచేసిన సందర్భములు గలవు. మన పద్ధతికిని వారి పద్ధతికిని నడుమ ఒక ముఖ్యభేదము నాకు కనబడుచున్నది: ఇచ్చట ఖైదీ చెరలో ఎట్లు ప్రవర్తించెనను దానికే పెద్దపీట, అచ్చట చెరకు రాకముందు అతడెవడను దానికి పెద్దపీట. ఖైదీ వచ్చిన పిమ్మట కూడ వారు మరల లెక్కవేయుదురు, నడవడిని బట్టి పాయింట్లు తగ్గింతురు. కాని తొలిదినము వేసిన అంకె నీడవలె చిరకాలము వెంటనంటును. 1987 నవంబరు మొదలు జరిగిన నేరములకు ఫెడరల్ శాసనమున పెరోలు లేదు. పైన చెప్పిన ఫస్ట్ స్టెప్ వెసులుబాటు గాక, మంచినడవడికి ఏడాదికి 54 దినముల వఱకు తగ్గింపు మాత్రమే. కాలమును అంతకుమించి తగ్గించుకొనలేనివాడు చోటునైనను మార్చుకొనగోరును. ఆ యాశయే అతనిని నడిపించునది.

ములాఖత్ దినమున ఆ యాశను కంటికెదురుగ చూడవచ్చును. తెల్లవాఱకమునుపే బయలుదేరి, బాల్టిమోరునుండియో ఫిలడెల్ఫియానుండియో కొండలు దాటివచ్చిన భార్యలు, తల్లులు, నిద్రకన్నుల పిల్లలు. చేతిసంచి కారులోనే వదలి, పారదర్శకమైన ప్లాస్టికు సంచిలో చిల్లరనాణెములు మాత్రము పట్టుకొని లోపలికి పోవుదురు. గదిలోని యంత్రములలో ఆ చిల్లర వేసి చిప్సు పొట్లము, చల్లని బర్గరు తీసి వేడిచేసి తమవాని ముందుంచుదురు. యంత్రమునొద్దకు ఖైదీ పోరాదు, నాణెము తాకరాదు. కావున నాలుగేండ్ల పిల్ల తండ్రికి వడ్డించును. వచ్చునప్పుడొకమారు, పోవునప్పుడొకమారు కౌగిలి. కంచె లోపలను, కంచె బయటను ఈ యొక్క నియమము ఒక్కటే.

2024 డిసెంబరులో ఫెడరల్ జైళ్లశాఖ, సిబ్బంది చాలరనియు భవనములు శిథిలమగుచున్నవనియు చెప్పి, మిన్నెసోటాలోని డులూత్, ఫ్లోరిడాలోని పెన్సకోలా మొదలగు కొన్ని శిబిరములను మూయుదుమని ప్రకటించినది. మూతకు ఎన్నుకొనబడినవి ఎక్కువగా కంచె లేనివియే. అందలివారు గోడ లేకయే ఏండ్లతరబడి నిలిచి, గోడ యక్కరలేదని తమ నడవడితో రుజువుచేసినవారు. వారికి కావలసిన కాపరులు తక్కువ, అయ్యెడి ఖర్చును తక్కువ. వారి చోటులను మూసి కంచెల చోటులను నిలుపుట తలక్రిందులైన పని. కంబర్లాండులోనున్న ఆ కొద్దిపాటి నేల వంటివి దేశమంతటను పెరుగవలసినవి కాని తఱుగవలసినవి కావు. ఆ నేలను దాటుటకు ఇరువదిమూడేండ్ల కుఱ్ఱవానికి అడ్డముగ నిలిచిన ఆ ఎనిమిది పాయింట్లను జైళ్లశాఖ తగ్గింపవలెను; అది చేయుటకు క్రొత్త చట్టము గూడ అక్కఱలేదు, తాను వ్రాసికొన్న పట్టికలో తానే ఒక పంక్తిని దిద్దుకొనిన చాలును.